నర్సవ్వ కోళ్లకు మెడలు వాలిన వారం

2022 వేసవి. నాందేడ్ జిల్లా భోకర్ తాలూకాలోని ఒక పల్లె పశువుల దవాఖానాలో నేను పర్యవేక్షకుడిగా పనిచేస్తున్నాను. డాక్టరును కాను. టీకాలు వేయడం, గాయాలకు కట్లు కట్టడం, పెద్ద జబ్బు కనిపిస్తే తాలూకా డాక్టరుగారికి కబురు చేయడం నా పని. ఎడ్లు, గేదెలు, మేకలతోనే పొద్దు గడిచిపోయేది. పెరటి కోళ్లకు జబ్బు చేసిందని దవాఖానాకు వచ్చేవాళ్లు చాలా తక్కువ.

అలాంటిది ఒకరోజు నర్సవ్వ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, పత్తి చేలల్లో కూలికి పోతుంది. ఇంటి వెనక పాతిక దాకా నాటుకోళ్లను పెంచుతోంది. వాటికి రాణిఖెత్ సోకింది. మనవాళ్లు కొక్కెర రోగం అనేది దీన్నే. రెట్ట పచ్చగా పడుతుంది, ఊపిరి గురకపెడుతుంది, మెడ మెలితిరిగి కోడి ఆకాశంకేసి చూస్తుంది. ఎనిమిది కోళ్లు చచ్చిపోయాయి. బర్డ్ ఫ్లూ ఏమోనని డాక్టరుగారు ల్యాబ్‌కు శాంపిల్ పంపితే, కాదు, రాణిఖెతే అని తేలింది. జబ్బువాటిని వేరుచేయించి, బాగున్నవాటికి ఆర్‌టూబీ అనే టీకా రెక్క కింద సూదితో వేశాను. చావులు ఆగాయి.

పది రోజులకు మిగతా ఇళ్ల కోళ్లకూ టీకా వేద్దామని ఐస్ డబ్బాతో నర్సవ్వ గల్లీకి వెళ్తే ఎవరూ తలుపు తీయలేదు. నర్సవ్వ మాత్రం వాకిట్లో నిలబడి ఉంది. ఆమె కోళ్లు మళ్లీ పడిపోతున్నాయట.

“మీరు సూది ఏసినంకనే గిట్లయితున్నది, సార్. సూది ఏయని ఇండ్లల్ల ఒక్కటన్న పడిందా?” అంది.

పడలేదు. ఐస్ కరిగి టీకా పాడైందేమోనని భయమేసింది. అదే రోజు అదే డబ్బాలోంచి వేసిన పక్క ఊరివాళ్లకు ఫోన్ చేశాను. వాళ్ల కోళ్లు బాగానే ఉన్నాయి.

పడిపోయిన పెట్టనొకదాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. మెడ మెలితిరగలేదు, తడిబట్టలా వేలాడుతోంది. కిందికి దించితే ముక్కు నేలకు ఆనింది. కళ్లు చూస్తూనే ఉన్నాయి. నిమిరితే ఈకలు చేతికి ఊడివచ్చాయి. ఇది నేనెరిగిన జబ్బు కాదు. భయం పక్కకుపోయి, ఇదేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల మొదలైంది.

ఇంట్లో ఒక మూల గంప కింద పొదిగే పెట్ట ఉంది. దానికీ అదే టీకా వేశాను. అది హుషారుగా ఉంది. దానికి మేత ఎవరు వేస్తారని అడిగితే, తానే లోపల వేస్తానంది నర్సవ్వ. అంటే సంగతి సూదిలో లేదు, బయటి కోళ్లు తినేదాంట్లో ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కోళ్ల వెనకే నడిచాం. అవి ఆమె పెరటి కంప సందులోంచి దూరి, చేల గట్టు పక్కన ఎండిన కాలువలోకి దిగి, పత్తి కట్టె కుప్ప కింద గీరడం మొదలుపెట్టాయి. కట్టె ఎత్తి చూస్తే గుప్పున వాసన. మొదట చచ్చిన ఎనిమిది కోళ్లూ అక్కడే ఉన్నాయి, పురుగులతో కదులుతూ. ఆ పురుగులనే ఇవి ఆత్రంగా ఏరుకు తింటున్నాయి.

ఇక్కడెందుకు వేశావని అడిగాను.

“మీరే చెప్తిరి గద, ఇంటికి దూరం పారెయ్యుమని. దూరమే ఏసిన.”

నిజమే. మొదటిరోజు బండెక్కుతూ అన్నాను ఆ మాట.

డాక్టరుగారు వచ్చి, మెడ వాలి చచ్చిన కోడినొకదాన్ని కోసి చూశారు. మేతసంచి నిండా పురుగులే. ఈ జబ్బును లింబర్‌నెక్ అంటారని చెప్పారు. కుళ్లిన కళేబరంలో పుట్టే విషం పురుగుల్లో చేరుతుంది, అవి తిన్న కోడికి కండరాలు పట్టు తప్పి మెడ వాలిపోతుంది. కాలువలోవన్నీ లోతైన గుంతలో పాతి, పైన సున్నం చల్లాం. కోళ్లను లోపలే కట్టడి చేసి, పడిపోయినా ప్రాణంతో ఉన్న ఐదింటికి డాక్టరుగారు చెప్పినట్టు విరేచనాల ఉప్పు నీళ్లు చుక్కచుక్కగా పట్టాం. రెండు చనిపోయాయి. మూడు మాత్రం మూడోరోజుకు మెడలెత్తి లేచాయి.

ఆ సాయంత్రం గల్లీలోని ఆడవాళ్లను పిలిచి, తప్పు టీకాది కాదు, సగం మాట చెప్పి వెళ్లిన నాది అని జరిగిందంతా చెప్పాను.

“పాతిపెట్టుమని ఆనాడే చెప్తే గుంత నేనే తవ్వుకుందును గద సార్” అంది నర్సవ్వ.

ఆమె కోపంగా అనలేదు, అదే ఎక్కువ తగిలింది. కొంతసేపటికి పక్కింటావిడ గంపతో కోళ్లను తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత ఇంకొకరు.

టీకా ఎట్ల వేయాలో, జబ్బును ఎట్ల గుర్తుపట్టాలో ఉద్యోగంలో చేరినప్పుడే నేర్చుకున్నాను. చచ్చినవాటిని ఎక్కడ, ఎంత లోతులో పాతాలో ఇంటివాళ్లతో కూర్చుని చెప్పడమూ వైద్యంలో భాగమేనని మాత్రం ఆ కాలువ గట్టున నిలబడ్డాకే తెలిసింది.