వైరు లాగి చూశారా అండి?

నేను ఐదో తరగతి వరకే చదివాను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి. మొన్న టీచరు గారి సంతాప సభలో మా హ్యామ్ రేడియో క్లబ్బు పెద్దాయన, "పాపం, కనపడ్డ ప్రతివాడికీ సెట్టిచ్చి చివరికి ఆవిడే తగలేసుకున్నారు" అన్నారు. అప్పట్నుంచి నాకు ఒళ్ళు మండుతోంది.

ఆ కనపడ్డవాణ్ణి నేనే. మండపేటలో కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టుకుంటూ బతుకుతాను. రేడియోలో మాట్లాడే లైసెన్సు వచ్చింది గానీ సెట్టు కొనే స్తోమత లేదు. మా క్లబ్బులోనే ఉండే టీచరు గారు వాళ్ళింట్లో తన ఖరీదైన సెట్టు ముందు కూర్చోబెట్టి మైకు నా చేతికిచ్చేవారు. ఇచ్చే ముందు "వైరు లాగి చూశారా అండి?" అనేవారు. యాంటెన్నా వైరు సరిగ్గా బిగిసి లేకుండా మైకు బటను నొక్కితే సెట్టు కాలిపోతుంది.

ఒకరోజు దుమ్ము తుడవడానికి వైరు పీకి, పెట్టడం మర్చిపోయాను. ఆవిడ వంటింట్లో ఉన్నారు. నొక్కగానే కాలిన వాసన.

"మోటార్లు చుట్టేవోడికిస్తే ఇంతేనండి!" అన్నారు వాసనకి వరండాలోంచి వచ్చిన పెద్దాయన.

"ఆయన్ననకండి. ఉరుములొస్తాయని వైరు పీకింది నేనేనండి" అన్నారు వంటింట్లోంచి వచ్చిన టీచరు గారు. బయట ఎండ మండిపోతోంది.

సెట్టు బాగై వచ్చాక నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పెద్దాయన చూస్తుండగానే ఆవిడ నన్ను పిలిచి, "వైరు లాగి చూశారా అండి?" అంటూ మైకు చేతిలో పెట్టారు.

సభలో చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. పెద్దాయన గారూ, ఆ సెట్టు తగలేసింది ఆవిడ కాదండి. నేను.