సముద్రం ఊపిరి లెక్క నేర్పిన మేడం

మా బాటనీ మేడం పోయారన్న కబురు అందేసరికి నేను బంగాళాఖాతం మీద ఓడలో ఉన్నాను. "ఆపా పొద్దుగాల పోయింది. పగటి జుహర్ నమాజ్ అయినంక మట్టి" అని గద్వాల నుంచి వాళ్ల చెల్లెలు పంపిన సందేశం. తీరం చేరడానికి ఇంకా వారం. చుట్టూ నీళ్లు, నీళ్ల మీద ఎండ. వెళ్లే దారి లేదు.

వనపర్తిలో నేను ఇంటర్ చదివేటప్పుడు మేడం రోజూ గద్వాల నుంచి బస్సులో కృష్ణ దాటి వచ్చేవారు. గడియారం ముంజేతి లోపలివైపు పెట్టుకునేవారు. పాఠం మధ్యలో ఆగి, కిటికీ బయటి వేపచెట్టును చూపించి, "అది పని చేస్తున్నది, లొల్లి చెయ్యకుండ్రి" అనేవారు. మేము నిజంగానే నోరు మూసుకునేవాళ్లం.

ఒకసారి మమ్మల్ని ధరూర్ వైపు నది ఒడ్డుకు తీసుకెళ్లారు. రెండేసి సీసాల్లో నీళ్లు నింపి, ఒకదానికి నల్లగుడ్డ చుట్టి, గుండ్రటి పుట్టి పడవ మీంచి తాడుతో దించాం. వెలుతురు సీసాలో నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి సీసాలో పీల్చుకోవడమే తప్ప వదలడం ఉండదు. సాయంత్రం కొలిస్తే నా చీకటి సీసాలో ఆక్సిజన్ తగ్గకపోగా పెరిగింది! మార్కులు పోతాయని భయపడి పక్కమ్మాయి అంకె ఎక్కించాను.

మర్నాడు మేడం నన్ను ఆపారు.

"నీ సీసల గాలిబుడగ చిక్కింది, నేను చూసిన. మరి లెక్క గింత మంచిగెట్లొచ్చింది?"

"కాపీ కొట్టిన మేడం."

"తప్పొస్తే తప్పే రాయి బేటా. చూడనిది మాత్రం రాయకు."

రికార్డులో సున్నా వేశారు. ఆ ఆదివారం నన్నొక్కదాన్నే మళ్లీ నదికి తీసుకెళ్లారు. సాయంత్రం దాకా పల్లీలు తింటూ కూర్చున్నాం. ఎండ నీళ్ల లోపలికి దిగి ఊగుతుంటే, నది నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది. నా చదువు ఎటు పోవాలో ఆ రోజే తేలింది.

ఇప్పుడు నేను సముద్రంలో వదిలే యంత్రాల లెక్కలు చూస్తాను. మనిషెత్తు గొట్టం, తనంతట తానే మునిగి, తేలి, నీళ్లలోని ఆక్సిజన్ కొలిచి పంపుతుంది. పగలు ఎంత పెరిగింది, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా ఎంత తగ్గింది అన్నదాన్ని బట్టి సముద్రం ఎండతో ఎంత తిండి వండుకుంది, ఎంత ఊపిరి తీసుకుంది తెలుస్తుంది. ఒక్కో యంత్రం కొన్ని రోజులకోసారి, వేర్వేరు వేళల్లో పైకొస్తుంది. అవన్నీ కలిపితేనే ఒక పగలూ ఒక రాత్రీ లెక్క పూర్తవుతుంది. ఓసారి ఫోన్లో మేడంకు ఇది చెప్పాను.

"గన్ని దినాలు కలిస్తే ఒక్క దినమా! యాదికుండేది కూడ గట్లనే గద బేటా."

నిరుడు ఒక యంత్రం వింత అంకెలు పంపింది. పారేద్దామన్నారు తోటివాళ్లు. నాకూ అదే సులువనిపించింది. మేడంకు ఫోన్లో చెప్పాను. అప్పటికే ఆవిడకు ఆయాసం, మాటమాటకూ ఆగుతున్నారు.

"ఎందుకు తప్పో తెల్సిందా?"

"లేదు మేడం."

"తెల్వకుండ ఎట్ల పారేస్తవు? జర చూడు."

చూశాను. పైకి తేలినప్పుడు యంత్రం గాలిని కూడా కొలుస్తుంది. గాలిలో ఆక్సిజన్ మారదు కదా, అయినా అక్కడా అంకె తక్కువే. అంటే సెన్సర్ మెల్లగా దారి తప్పుతోంది. ఆ తేడా సరిచేసి మిగతా యంత్రాల అంకెలతో కలిపాక ఆక్సిజన్ గీత పొద్దుతో లేచి, పొద్దుతో వాలింది. ఆ బొమ్మ పంపితే "మాషా అల్లా" అని ఒక్క మాట రాశారు. అదే ఆఖరు.

ఓడ దిగాక గద్వాల వెళ్లాను. మేడం చెల్లెలు మిద్దె మీద చాప పరిచి చాయ్ ఇచ్చింది.

"ఆపాకు గూడ గా సముద్రం సదువుకే సీటొచ్చుండె. మా అబ్బాజాన్ పంపలే. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా.

"మేడం సముద్రం చూసిండ్రా?"

"యాడ చూసింది! నువ్వు చెప్తుంటే ఇనుడే."

చాయ్ గ్లాసు చాప పక్కన పెట్టాను. పొద్దు వాలుతోంది. దూరంగా కోటగోడ రాళ్ల సందుల్లోకి చిలకలు ఒక్కొక్కటే దూరుతున్నాయి. ఆఖరిది లోపలికి పోయాక కూడా ఆ పచ్చదనం గోడ మీద కాసేపు ఆగినట్టే ఉంది.