చారల అంగీ, కొత్త కిక్ ఆఫ్

మొండయ్య గీసిన గీత వంకర పోవడం ఈ తొమ్మిదేళ్లలో నేను చూడలేదు. మనిషే ఒక్కసారి వంకర దారిలో పరిగెత్తాడు. ఆ పరుగులో నా పాత్ర కూడా కొంత ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను, ముందే చెప్పడానికి మొహం చెల్లడం లేదు.

గల్ఫ్‌లో, అల్ అజీజియా అనే చోట అమెరికా వాళ్లు కాపురాలుండే ఒక కాంపౌండ్‌లో నేను స్టోర్ కీపర్ని. మా స్టోర్ ఎదురుగా వాళ్ల ఆటస్థలం. గోడ అవతలంతా ఇసుకే. ఇవతల గడ్డి మాత్రం మొండయ్య పుణ్యమా అని తివాచీలా ఉంటుంది. నీళ్లు పెట్టడం, కోయడం, శుక్రవారం ఆటకు చక్రాల బండితో తెల్లరంగు గీతలు వేయడం అతని పని. కోరుట్ల పక్క పల్లె వాడు. యాభై దాటాయి. గీత వేసేటప్పుడు ఊపిరి బిగబట్టి నడుస్తాడు. చివరిదాకా వెళ్లి, తిరిగి చూసుకుని, అప్పుడు వదులుతాడు.

ఆ ఆటను వాళ్లు ఫుట్‌బాల్ అంటారు గానీ కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. గుడ్డులాంటి బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడతాడు, మిగతావాళ్లు వాణ్ణి పడేస్తారు. మొండయ్య మొదటిరోజే తేల్చేశాడు.

"కబడ్డే సారూ ఇది. కూత లేదు, గంతే."

నాలుగేళ్ల కిందట ఒక ముసలి రెఫరీ దేశం వెళ్లిపోతూ తన నలుపు తెలుపు చారల అంగీ మొండయ్యకిచ్చాడు. చేతులు పొడుగు, ఎండ తగలదు, ఆటరోజుల్లో అదే తొడుక్కునేవాడు. ఇచ్చిన వారంలోనే అది వేసుకుని ఫోటో దిగి భార్య గౌరవ్వకు పంపాడు. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది.

"గిదేం అంగి?"

"ఎంపైర్ అంగి."

"ఎంపైరా నువ్వు?"

మొండయ్య "ఊఁ" అన్నాడు. అదీ జరిగింది. ఔననలేదు, కాదనలేదు, ఊఁ అన్నాడు. మర్నాటికల్లా ఊళ్లో అతను అమెరికా వాళ్ల ఆటలో ఎంపైర్ అయిపోయాడు. ఈ ఏడు బావమరిది నాగేందర్ ఇంకో అడుగు ముందుకేసి, దసరాకు బావ సెలవు మీద వస్తున్నాడు గనక యువజన సంఘం కబడ్డీ పోటీలకు ఆయనే ఎంపైర్ అని ఊరి గ్రూపులో పెట్టేశాడు. అది చదివిన రోజు మొండయ్య అన్నం సగంలో వదిలేశాడు.

"దసరాకు రెండు నెలలే ఉంది సారూ. ఊర్లె నా ఇజ్జత్ ఏమైతది?"

"చెప్పేయవయ్యా."

"ఎట్ల చెప్పాలె? అబద్ధం ఆడితె అబద్ధమని చెప్పచ్చు. నేను ఊఁ అన్న."

ఇది ఇలా ఉండగా కోచ్ నుంచి నాకో కాగితం వచ్చింది. ఆట మొదట్లో ఒక జట్టువాడు బంతిని దూరంగా తన్నడం ఉంటుంది, దాని పేరు కిక్ ఆఫ్. ఇదివరకు అతను తన్నగానే రెండు జట్లూ మైదానం ఆ కొస నుంచి ఈ కొస దాకా పరిగెత్తుకొచ్చి పొట్టేళ్లలా ఢీకొనేవారు. తలలు దెబ్బతింటున్నాయని డాక్టర్లు గోల. పోనీ మానేద్దామంటే, పరుగే లేకపోతే చూసేదేముందని జనం గోల. అందుకని అమెరికాలో రూలు మార్చారు. తన్నేవాడొక్కడే దూరంగా ఉంటాడు. అతని జట్టు మిగతా పదిమందీ అవతలి జట్టుకు దగ్గరగా, ఎదురెదురు నిలబడతారు. బంతి ఇరవై గజాల గీత దాకా వచ్చి నేలనో, పట్టుకునేవాణ్ణో తాకేదాకా వాళ్లు కాలు కదపకూడదు. తాకిందా, ఇక పట్టపగ్గాల్లేవు. ఢీకొనే దూరం తగ్గింది, పరుగు మిగిలింది. ఈ శుక్రవారం నుంచి మన దగ్గరా అంతే అని కోచ్ రాశాడు.

ఇదంతా నేను చదివాను, మెచ్చుకున్నాను కూడా. మొండయ్యకు చెప్పింది మాత్రం ఇది:

"శుక్రవారం నుంచి కొత్త కిక్ ఆఫ్ మొండయ్యా. ఎవరూ కదలరు, నిలబడే ఉంటారు. ఇరవై గజాల గీత పసుపు రంగులో వెయ్యి."

గల్ఫ్‌లో ఉన్నవాడికి ఆఫ్ కన్నా బాగా తెలిసిన ఇంగ్లీషు మాట లేదు. ఏసీ ఆఫ్, మోటారు ఆఫ్, ఆదివారం తనకు ఆఫ్. ఇన్నేళ్లూ మొండయ్య దాన్ని 'మొదటి తన్నుడు' అనేవాడు, దానికో ఇంగ్లీషు పేరుందని అతనికెవరూ చెప్పలేదు. కనక అతనికి అర్థమైంది ఇది: ఈ శుక్రవారం నుంచి తన్నుడు బంద్. అందరూ ఊరికే నిలబడతారు.

శుక్రవారం నాలుగింటికి సరిగ్గా అలాగే నిలబడ్డారు! రెండు వరసల మనుషులు, హెల్మెట్లు పెట్టుకుని, బొమ్మల్లా. మొండయ్యకు ఇక అనుమానమెందుకుంటుంది? పక్కన నిలబడి చూస్తే పసుపు గీత మీద ఎవరి బూటో పడి జానెడు చెరిగిపోయి ఉంది. ఎలాగూ తన్నుడు లేదు గదా అని చారల అంగీతో, రంగుబండి తోసుకుంటూ మైదానంలోకి నడిచాడు. ఆ బట్టల్లో వెళ్లేవాణ్ణి ఎవరు ఆపుతారు? తన్నేవాడున్న వైపు వీపు పెట్టి, వంగి, ఊపిరి బిగబట్టాడు.

బంతి అప్పటికే గాల్లో ఉంది. జనం అరిచారు. మొండయ్య తలెత్తకుండానే చెయ్యి ఊపాడు, ఒక్క నిమిషం ఆగమని.

బంతి వచ్చి సరిగ్గా వీపు మీద పడింది. వారం రోజులుగా 'తాకగానే కదలండి' అని నేర్చుకున్న ఇరవైమందీ కదిలారు. మొండయ్య తిరిగి చూశాడు. కాళ్ల దగ్గర బంతి, ఎదురుగా ఇరవై హెల్మెట్లు. వాళ్ల బంతి వాళ్లకిచ్చేద్దామనే తీశాడట పాపం. కానీ చేతిలో బంతి ఉన్నవాడి మీద ఎలా పడతారో అతను తొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు. బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది. రెఫరీ విజిల్ మీద విజిల్ వేస్తున్నా ఆగలేదు. గడ్డి దాటి, కంచె సందులోంచి దూరి, స్టోర్ గుమ్మంలో నిలబడ్డ నా వెనక దాక్కున్నాడు.

అమెరికా వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దెబ్బ తగిలిందేమోనని కోచ్ గబగబా వచ్చాడు, వీపు తడిమి చూశాడు, నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇతనికి చెప్పలేదా?" అని నన్నడిగాడు.

నేను మొండయ్య వైపు చూశాను. నోటితో ఏమీ అనలేదు. చూశాను, అంతే. మొండయ్య తల దించుకున్నాడు.

డ్రైవర్ దస్తగిరి అంతా వీడియో తీశాడు.

"ఏం పరిగెత్తినావు మొండన్నా! కడపలో ఎద్దుల పందేలకు పంపించొచ్చు నిన్ను."

"అది ఎవలకు పంపకు తమ్మీ."

"ఎవురికీ పంపలేదన్నా. మన తెలుగోళ్ల గ్రూపులో మాత్రమే ఏసినా."

గ్రూపులో మూడువందల మంది. సాయంత్రానికి వీడియో కోరుట్ల చేరింది. మొండయ్య స్టోర్‌లో రంగుడబ్బా మీద కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి గౌరవ్వకు కలిపాడు.

"గౌరీ, ఇంటున్నవా?"

"ఇంటున్న. ఇప్పుడే నాగేందర్ చూపిచ్చిండు. అబ్బ, ఏం ఉరికినవయ్యా! గంతమంది బొమ్మల్లెక్క నిలవడ్డరు. నువ్వు నడుమకు పోయేదాంక ఒక్కడు కదలలే. నువ్వంటే గంత భయమా ఆళ్లకు?"

"గది కాదే..."

"వాడకట్టంత చూపిచ్చిన. గా చారలంగే మా ఆయన అని."

మొండయ్య కళ్లు మూసుకున్నాడు. నేను బయటికి పోదామని లేస్తే నా చొక్కా పట్టుకున్నాడు.

"నేను ఎంపైర్ గాదు గౌరీ. గీతలు గీస్త. గడ్డికి నీళ్లు వెడ్త. గా అంగి ఒకాయన పోయేటప్పుడు ఇచ్చిండు. ఆళ్లు బంతి తంతుంటె తెల్వక నడుమకు పోయిన. భయమైంది, ఉరికిన."

అవతల టీవీ ఆగిపోయింది.

"మరి ఆనాడు ఊఁ అంటివి?"

"అన్న."

"నాలుగేండ్లు."

"ఆఁ."

"నువ్వు ఊఁ అని ఊకున్నవు. ఊరంత తిరిగి చెప్పింది నేను. ఇప్పుడు నా మొకం యాడ వెట్టుకోవాలె?"

మొండయ్య ఇన్నాళ్లూ పోయేది తన ఇజ్జత్ ఒక్కటే అనుకున్నాడు. ఆవిడదీ ఉందని అప్పుడు తెలిసింది. ముక్కు తుడుచుకున్నాడు.

"గా పసుపుపచ్చ గీత నీదేనా?" అంది ఆవిడ చివరికి.

"నాదే."

"సీదనే ఉంది. నాగేందర్‌కు నేను చెప్ప. నువ్వే చెప్పు. ఫోన్ల గాదు, అచ్చినంక, పోరగాండ్లందరి ముంగట. చెప్పి, ఆళ్ల కబడ్డికి గీతలు గియ్యి. పోయినేడు ముగ్గు వోసిండ్రు, పాము లెక్క వంకర. గా అంగి మాత్రం ఆడనే ఇడిసిపెట్టి రా."

సెలవుకు బయల్దేరే ముందురోజు మొండయ్య చారల అంగీ ఉతికి, మడత పెట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అప్పటికి ఒప్పుకున్నాను.

"తప్పు నాది మొండయ్యా. నీకు సరిగా చెప్పలేదు. కోచ్ అడిగినప్పుడైనా ఆ మాట ఒప్పుకోవాల్సింది."

"ఎర్కనే సారూ," అన్నాడు నెమ్మదిగా. "మీరు చెప్పేటప్పుడు చాయ తాగుతుండిరి."

అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"సారూ, కబడ్డిల గీత ఎంత ఎడల్పుంటది?"

తెలియదన్నాను. ఆరోజు తప్పు నాదేనని కోచ్‌కు ఇవాళే చెబుతానన్నాను. తర్వాత టీ కప్పు పక్కన పెట్టి, ఫోన్‌లో రెండుసార్లు చూసి, రెండంగుళాలని చెప్పాను.