మొదటి డికాక్షన్

మా ఇంట్లో మూడు కాఫీ ఫిల్టర్ల మధ్య ఒకసారి పోటీ జరిగింది. పెట్టింది నేనే, తీర్పు చెప్పిందీ నేనే. అప్పటికి నాకు రసాయనశాస్త్రంలో పట్టా వచ్చి ఏడాది కాలేదు, ఉద్యోగం అసలే రాలేదు. అలాంటివాడికి లోకంలోని ప్రతి వస్తువునూ పరీక్షించే తీరికా ఉంటుంది, అర్హతా ఉంటుంది. నా తీర్పును ఇంట్లో ఎవరూ కాదనలేదు. బాపు కుడిచెయ్యి ఒక్కటే కాదంది, అదీ నాలుగు నెలల తర్వాత.

మేం మాదన్నపేటలో ఉండేవాళ్ళం. బాపు సర్కారు కచేరీలో నకలు గుమాస్తా. పై అధికారులు గీకిన ఉర్దూ కాగితాలకు శుభ్రమైన ప్రతులు రాయడం ఆయన పని. ఆయన రాసిన పుట చూస్తే చదవాలనిపించేది కాదు, గోడకు తగిలించాలనిపించేది. మాకు పొలం లేదు, దుకాణం లేదు, అప్పటికి నేనూ ఆదాయం కిందికి రాను. ముగ్గురం ఆ మణికట్టు మీద బతుకుతున్నాం. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

మా గల్లీ మొత్తం చాయ్ తాగేది. కాఫీ మా ఇంట్లో ఒక్కచోటే కాగేది, ఎందుకంటే అమ్మది బెజవాడ వైపు. పెళ్ళిలో సారెతోపాటు రెండంతస్తుల ఇత్తడి ఫిల్టరు తెచ్చుకుంది. పై గిన్నెకు అడుగున సన్నటి చిల్లులు, పొడిని అదిమి పెట్టడానికి కాడ ఉన్న బిళ్ళ, కింద డికాక్షన్ దిగే గిన్నె. సాయంత్రం దీపం పెట్టే వేళకు పొడి వేసి మరిగిన నీళ్ళు పోస్తే, తెల్లవారేసరికి కింది గిన్నె నిండేది. అది మొదటి డికాక్షన్. అది బాపుది. పొద్దున మళ్ళీ నీళ్ళు పోస్తే చప్పున కారే పలచటి రెండోది అమ్మది. మొదటిది ఇంటి పెద్దకే పోయాలని అమ్మ పుట్టింటి ఆచారం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె మొదటి డికాక్షన్ నాలుకకు తగిలించుకున్నది లేదు. నేను స్నేహితులతో చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాణ్ణి. ఇంటికి నేను చేసిన ద్రోహాల్లో అదొకటని అమ్మ అనేది. ఆ ద్రోహమే నన్ను కాపాడింది.

యుద్ధం రోజులవి. చక్కెర చీటీ మీద ఇస్తున్నారు. తగరం వచ్చే దేశాలు పరుల పాలైపోయాయని, ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాళ్ళు కనబడటం మానేశారు. అమ్మ వంటకు మట్టికుండలు, సత్తుగిన్నెలు పట్టింది. ఇత్తడిలో వాడకానికి మిగిలింది ఫిల్టరొక్కటే. దాని లోపల తెల్లపూత పోయి పచ్చ చిలుము కనబడుతోంది. అలాంటప్పుడు, వాన వెలిసిన ఒక ఉదయం, మా పాత కళాయి ఉస్తాద్ తిత్తి భుజాన వేసుకుని గల్లీలోకి వచ్చాడు. ముసలాయన, బహదూర్‌పురా నుంచి నడిచి వచ్చేవాడు. నా చిన్నప్పటి నుంచీ మా గిన్నెలన్నీ ఆయన చేతిమీదే తెల్లబడ్డాయి.

"అమ్మా, సామాన్ తెండి! మీ చెహరా అండ్ల కనిపించకుంటె నన్ను అడుగుండ్రి!"

బాపు అరుగు మీద కూర్చుని నవ్వాడు. "ఉస్తాద్, లడాయిల తగరం యాడ దొరుకుతలేదంటున్నరు. నీకెట్ల దొరికిందయ్యా?"

"అల్లా మాలిక్, సాబ్. బజార్ల దొరికింది. జర నల్లగుంటది, జర మెత్తగుంటది, గంతే. రుద్దితె మస్తు మెరుస్తది."

నల్లగా, మెత్తగా ఉండి, రుద్దితే మెరిసే లోహం ఏదో పరీక్షలో అడిగితే నేను రెండు మార్కులకు రాసి ఉండేవాణ్ణి. అరుగు దగ్గర ఎవరూ మార్కులు ఇవ్వలేదు కాబట్టి నాకు తట్టలేదు. ఆయన నవసాగరం చల్లాడు, తెల్లటి పొగ లేచింది, దూది ఉండతో లోపలంతా పూశాడు. ఫిల్టరులో నా ముఖం నాకు కనబడింది. చాలా తెలివైనవాడిలా ఉన్నాను.

పోటీ ఆలోచన వచ్చింది ఆ వారమే. హర్రాజు పాటలో నాకు పింగాణీ గరాటు ఒకటి దొరికింది. యుద్ధం మొదలవగానే ఊరు విడిచిన ఒక జర్మనీ ఇంజనీరు సామానట. అడుగున ఒకటే చిల్లు, లోపల గోడకు గాడులు. అమ్మేవాడు దాన్ని దీపం మీద మూత అన్నాడు. నేనొక విదేశీ పత్రికలో బొమ్మ చూశాను గనక, లోపల కాగితం మడిచి పెట్టి, పొడి వేసి, పైనుంచి నీళ్ళు పోస్తారని తెలుసు. ఆ కాగితం మాత్రం ఊళ్ళో లేదు. బాపు కచేరీ నుంచి సిరా అద్దే కాగితం తెచ్చాడు. మూడోది గుడ్డ ఫిల్టరు. అమ్మ పాత మల్లుగుడ్డను సంచిలా కుట్టి ఇనుప తీగకు తగిలించింది.

ఎదురింటి పాలాయన, బర్రెల కొట్టం యజమాని, రుచి చూసే సాక్షిగా వచ్చాడు. ఆయనకు కాఫీ అంటే పడదు, అందువల్ల పక్షపాతం ఉండదని పిలిచాను. పొడి సమానం, నీళ్ళు సమానం, పాలు ఆయనవే. చక్కెర లేదు, ఆ నెల చీటీ అయిపోయింది. ఇత్తడిదానికి మాత్రం ముందు సాయంత్రమే నీళ్ళు పోసి ఉంచాను, ఆచారం ప్రకారం. మిగతా రెండూ అప్పటికప్పుడు.

గుడ్డలో దిగింది బాపు ముందు పెట్టాను. ఒక గుక్క తాగాడు.

"రుచి మంచిగనే ఉన్నది. గని గుడ్డ ఉతికిన సంగతి గుడ్డ మర్చిపోలే."

పింగాణీది అద్దం లాగా తేటగా వచ్చింది. నేను గర్వంగా అందించాను. బాపు తాగి, గ్లాసు దించి, ఇల్లంతా ఒకసారి చూశాడు.

"ఏంది బాపూ?"

"ఏం లేదు బిడ్డా. తాగంగనే యాడన్న దస్తఖత్ పెట్టాలనిపించింది."

పాలాయన ఇత్తడిది ఎత్తాడు. చప్పరించాడు. కనుబొమలు పైకి లేచాయి.

"గిది తియ్యగున్నదే! చక్కెర లేదని చెప్పి దీంట్ల ఏసిన్రా?"

"లేదు మామా, ఒట్టు."

బాపు కూడా రుచి చూశాడు. "అవు, తియ్యగున్నది. ఇన్నేండ్ల సంది గిట్ల ఎన్నడు లేదు."

అమ్మకు ఒక చెంచాడు ఇవ్వబోయాను. "నాకెందుకురా, అది మీ బాపుది. నాకు రెండోదే అలవాటు," అని చేత్తో పక్కకు నెట్టింది.

నేను నోటుపుస్తకంలో తీర్పు రాశాను. గుడ్డ: వేగం ఎక్కువ, శుభ్రత అనుమానం. పింగాణీ: తేట ఎక్కువ, కాగితానికి కచేరీ వాసన. ఇత్తడి: నిదానం, చిక్కదనం, సహజమైన తీపి, ప్రథమ స్థానం. చక్కెర కరువుకు ఇది దేశీయ పరిష్కారమని కింద ఒక వాక్యం కూడా చేర్చాను. బాపు ఆ కాగితం చించి, తన దస్తూరీలో అందంగా ఎత్తి రాసి, వంటింటి గోడకు అంటించాడు. ఆ రోజు నుంచి పొద్దున రెండు గ్లాసులు, కచేరీ నుంచి వచ్చాక వెచ్చబెట్టుకుని మరొకటి తాగేవాడు. నా మాట మీద గౌరవం కొద్దీ మూడో గ్లాసు.

నెలన్నర గడిచాక బాపుకు కడుపులో నొప్పి మొదలైంది. వచ్చినప్పుడు మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకునేవాడు, పోయాక లేచి నవ్వేవాడు. ముఖంలో రంగు తగ్గింది. హకీం నాడి చూసి వాయువన్నాడు, ఒక లేహ్యం ఇచ్చాడు, దాన్ని కాఫీ తర్వాత తినమన్నాడు. అన్నం సహించక బాపు రోజుకొక ముద్ద మానేశాడు. కాఫీ మాత్రం సహించేది. "తియ్యగుంటది గదా, లోపలికి దిగుతది," అనేవాడు. అమ్మ ఇంకాస్త పోసేది.

నాలుగో నెల ముగిసేసరికి ఒక సాయంత్రం కచేరీ నుంచి వచ్చి, ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఆయన రాసిన ప్రతే. అక్షరాలు పుట చివరికి వచ్చేసరికి కిందికి జారిపోయాయి, తడి గోడ మీది సున్నంలా.

"కలం మంచిది కాదేమో," అన్నాను.

"మూడు కలాలు మార్చిన బిడ్డా."

చెయ్యి చాపి చూపించాడు. వేళ్ళు ముడుస్తున్నాడు, పిడికిలి బిగుస్తోంది. కానీ అరచెయ్యి పైకి లేవడం లేదు. మణికట్టు దగ్గర విరిగిన కొమ్మలా వేలాడుతోంది. నొప్పి కూడా లేదన్నాడు. నొప్పి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. ఎడమచేత్తో దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టుకున్నాడు, ఎవరో మరిచిపోయిన వస్తువును పెట్టినట్టు.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరు చెయ్యి కంటే ముందు నోరు తెరవమన్నాడు. కింది పెదవి వంచి చిగుళ్ళు చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు. పళ్ళ మొదట్లో నీలపు గీత ఒకటి సన్నగా ఉంది.

"మీ బాపు ఛాపాఖానల అచ్చుపని చేస్తడా?"

"లేదండీ, నకలు గుమాస్తా."

"రంగులేస్తడా? బ్యాటరీల పని గిట్ల?"

"లేదు."

"మరి గింత సీసం యాడికెల్లి తింటున్నడు?"

ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వడానికే నా పట్టా ఉంది. ఇంటికి రాగానే ఫిల్టరు లోపల గోరుతో గీకి, ఆ పొడి పొట్లం కట్టి, చదివిన కళాశాలకు వెళ్ళి పాత ప్రయోగశాల తలుపు తీయించుకున్నాను. ఆమ్లంలో కరిగించి, అయొడైడు చుక్కలు వేశాను. పరీక్షనాళికలో సీసానికి గుర్తయిన బంగారు పసుపు విరిగింది. విద్యార్థిగా ఉన్నప్పుడు నాకు ఆ రంగు ఎప్పుడూ అంత చక్కగా రాలేదు.

తగరం పేరుతో బజారులో సీసం కలిపి అమ్మారు. పుల్లటి డికాక్షన్ రాత్రంతా దాని మీద నిలిచి దాన్ని కరిగించింది, ఆ కరిగిన ఉప్పుకు తీపి ఉంటుంది. పొద్దున పోసిన రెండో నీళ్ళు నిలవకుండా కారిపోయేవి కాబట్టి అమ్మకు ఏమీ కాలేదు. ఇంటి పెద్దకు ఇచ్చిన గౌరవమంతా అడుగు గిన్నెలో చేరింది.

అమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి ముందు కూర్చునే ఉంది.

"రోజూ నేనే కదరా పోసింది," అంది.

"తీర్పు నేనే కదమ్మా రాసింది," అన్నాను. ఇద్దరిలో ఎవరం ఎవరిని ఓదారుస్తున్నామో తేలలేదు. గోడ మీది కాగితం చింపాను.

మర్నాడు తగవుకు సిద్ధమై ఉస్తాద్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. లేచి సలాం చేయబోయాడు. చెయ్యి నుదుటి దాకా వెళ్ళింది గాని, అరచెయ్యి వేలాడుతూ ఉండిపోయింది. రెండో చెయ్యీ అంతే. పాతికేళ్ళు తగరం పొగ పీల్చినవాడు, ఈ నాలుగు నెలలు సీసం పొగ పీల్చాడు.

"ఉస్తాద్, అది తగరం కాదు. సీసం."

ఆయన ఇంటి లోపలి వైపు తిరిగి చూశాడు. "మా ఇంట్ల సామాన్లకు గూడ గదే పెట్టిన, బాబూ," అన్నాడు. లోపల నుంచి పిల్లల మాటలు, గిన్నెల చప్పుడు వినబడుతున్నాయి. వంట జరుగుతోంది.

ఆయన చెప్పిన గల్లీలన్నీ తిరిగాను. కొందరు గిన్నెలు పక్కన పెట్టారు. ఎక్కువమంది మెరుపు చూపించి, దీనికేమైందన్నారు. మా ఫిల్టరును మాత్రం అటక మీద గోనెగుడ్డలో కట్టి పెట్టాం. ఇత్తడి దొరకని రోజులు, కొంటామని ముగ్గురొచ్చారు. ఎవరికీ ఇవ్వలేదు.

సీసం ఆగాక కడుపునొప్పి పోయింది, ముఖానికి రక్తం వచ్చింది. చెయ్యి మాత్రం తొందరపడలేదు. కచేరీవాళ్ళు ఆరు నెలలు సెలవిచ్చారు. బాపు రోజూ గంటసేపు మణికట్టు కింద పుస్తకం పెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దేవాడు, బడిలో చేరినవాడిలా. సెలవు ముగిసిన ఉదయం పలక కాకుండా తెల్లకాగితం తీసుకుని, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, ఒక వరుస రాశాడు. నాకు ఇచ్చాడు.

"ఎట్లున్నది? సచ్ చెప్పు."

అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. అంతకు మించి ఏమీ లేదు.

"బాగుంది బాపూ."

ఆయన కాగితం తీసుకుని మడిచాడు. "నువ్వు మంచిగున్నదంటె నాకు భయమైతది బిడ్డా," అన్నాడు. నవ్వే అన్నాడు. షేర్వాణీ గుండీలు అమ్మ పెట్టింది, కచేరీకి వెళ్ళాడు.

సాయంత్రం మామూలు వేళకే వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చుని తనే చెప్పాడు.

"రాసుడు లేదంట. మిసిళ్ళ గదికి ఏసిన్రు. పాత కాగితాలు కట్టలు కట్టాలె, తాడుతోని."

"ఆ పని తేలికేగా," అంది అమ్మ.

"తేలికనే. ముడి ఏసుటానికి రెండు చేతులు కావాలె. నాకున్నది ఒక్కటే అని వాళ్ళకింకా తెల్వదు."