గ్లాసుడు నీళ్లు, గుప్పెడు మిరియాలు

ఆ రోజుల్లో నాకు రెండే గర్వాలు: కొత్త ఉద్యోగం, కొత్త ఫోను. ఉద్యోగంలో నేర్చుకున్నదేమీ లేదు గానీ, ఫోనులో వీడియోలు చూసి లోకంలోని మోసాలన్నీ ఇట్టే పట్టేయగలనని గట్టిగా నమ్మేవాణ్ణి. తేనెలో బెల్లప్పాకం, పసుపులో రంగు, మిరియాల్లో బొప్పాయి గింజలు! అసలు మిరియం నీళ్లలో మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. ఈపాటి చదువుతో, పెళ్లయిన రెండో నెలలో, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని విశాఖ నుంచి అరకు బయల్దేరాను. అమ్మ మిరియాలు తెమ్మంది. తెలివైనవాణ్ణి కట్టుకున్నానని మా ఆవిడ అనుకోవాలని నా ఆశ. (ఇప్పటికీ అనుకోలేదు.)

అది తాతల కాలం నాటి వారపు సంత. కొండ మీది ఊళ్ల నుంచి నడిచొచ్చిన ఆడవాళ్లు పసుపు, అల్లం, పిప్పళ్లు, మిరియాలు గోనెపట్టాల మీద పోసుకుని వరసగా కూర్చున్నారు. వాళ్లకంటే ఫొటోలు తీసే మాబోటివాళ్లే ఎక్కువ. వరస చివర ఒక ముసలామె ముందు మా ఆవిడ చతికిలబడింది. విజయనగరం పిల్ల కదా, క్షణంలో వరస కలిపేసింది.

"మా సెట్లకి పాకిన తీగలయ్యేనమ్మా. ఎండల్లో ఆరబెట్టి, సలికాలం మీరొత్తారని దాసినాను" అంటూ ముసలామె ఎదురుగా బట్టలమ్మేవాడి దండెం మీద వేలాడుతున్న ఎర్ర స్వెట్టరు చూపించింది. "ఇయ్యి అమ్మితే అది మా మనవరాలికి. గుంట సలికి ఒణికిపోతంది. ఎవులికీ ఇవ్వొద్దని ఆ బాబుకి సెప్పొచ్చినాను."

అప్పుడు తెరిచాను నేను నా నీళ్ల సీసా. టీ కొట్టు నుంచి గాజుగ్లాసు తెచ్చి, నీళ్లు పోసి, గుప్పెడు మిరియాలు అందులో వేశాను. అన్నీ మునిగాయి, మూడు తప్ప. ఆ మూడూ పైకొచ్చి తిరుగుతుంటే నాకు కలిగిన ఆనందం మొదటి జీతం రోజున కూడా కలగలేదు.

"బొప్పాయి గింజలు!" అని అరిచాను.

"అయ్యి తాలు బాబూ" అంది ముసలామె కంగారుగా. "లోపల ముదరనియ్యి. ఏ సెట్టుకైనా ఉంటాయి. నోట్లో ఏసుకుని సూడు, కారంగుంటాది."

నేను నోట్లో వేసుకోలేదు. చుట్టూ జనం మూగి ఉన్నారు. మేధావి అంతమందిలో మిరియం నములుతాడా? గ్లాసు పైకెత్తి, చిన్నపాటి ఉపన్యాసం ఇచ్చాను. టోపీ పెట్టుకున్న ఒకాయన ఉత్సాహం పట్టలేక తన సీసా తెరిచి, గ్లాసూ గీసూ లేకుండా, ఏకంగా కుప్ప మీదే కుమ్మరించాడు. మిగతావాళ్లు "అమ్మో, ఇక్కడ కొనకండి" అనుకుంటూ పోయారు.

ముసలామె కొంగుతో మిరియాలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఒత్తుతూ కూర్చుంది. "తడిసినయ్యి ఇంటికట్టుకెళ్తే బూజట్టేత్తాయి" అని మాత్రం అంది, ఎవరితోనో తెలియదు.

"ఏటండీ మీరు సేసిన పని!" అంది మా ఆవిడ. అమ్మ కోసం కాకపోయినా, ముసలామె కోసమైనా కొందామంది. కొంటే ఓడిపోయినట్టవుతుందని నేను ఒప్పుకోలేదు. ఆవిణ్ణి రోడ్డు మీది కొట్టుకు లాక్కెళ్లాను. అక్కడ షావుకారు కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు, కొండ బొమ్మ ఉన్న సీలు పొట్లం చేతిలో పెట్టాడు. "ఇక్కడ నీళ్లు పొయ్యరేటి?" అంది మా ఆవిడ. సీలు వేసినవాటిని అనుమానిస్తామా! మేము టీ తాగుతుండగానే ఆ కొట్టు మనిషి తడి మిరియాల మూట మోసుకొచ్చాడు. వెనకాలే వచ్చిన ముసలామె, షావుకారు చేతిలో పెట్టింది తీసుకుని, లెక్క చూసుకోకుండా వెళ్లిపోయింది. మేము బస్సెక్కేటప్పటికి స్వెట్టరు దండెం మీదే ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ ముందు నా విద్య ప్రదర్శించబోయి పొట్లం విప్పి నీళ్లలో వేశాను. సగం తేలాయి. నమిలి చూశాను, కారం లేదు. "కొండవాళ్లు కూడా ఇంత మోసం నేర్చారా!" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను నోరు విప్పలేదు. నా బతుకులో సిగ్గుపడాల్సినవి చాలా ఉన్నాయి గానీ, ఆ మౌనమంత చేదు మరొకటి లేదు.

రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాం. అదే వరస, అవే గోనెపట్టాలు. కానీ మిరియాలమ్మే ప్రతి ఆడమనిషి పక్కనా ఒక గ్లాసుడు నీళ్లు! చివర్లో ఆ ముసలామే. నన్ను గుర్తుపట్టలేదు.

"ఈ నీళ్లెందుకమ్మా?" అని అడిగాను, తెలిసీ.

"ఎవుడో బాబొచ్చి ఏదో సేసినాడు. అప్పట్నుంచి నీళ్లు లేపోతే ఎవులూ కొనరు" అంది. రోడ్డు మీది కొట్లో మాత్రం గ్లాసు లేదు, అక్కడ ఎవరూ అడగరు.

"నాకు పరీక్ష వద్దమ్మా, ఇచ్చెయ్" అన్నాను.

"వొద్దు బాబూ, ఏసి సూసుకో. ఎనకొచ్చి దొంగంటావు" అని తనే గుప్పెడు తీసి గ్లాసులో వేసింది. రెండు తేలాయి. ఆమె భయంగా నా మొహంలోకి చూసింది.

"తాలు గింజలమ్మా. ఏ చెట్టుకైనా ఉంటాయి" అన్నాను.

ముసలామె మొహం విప్పారింది. పక్కనున్నామెను మోచేత్తో పొడిచి, "సూడే, ఈ బాబుకి తెలుసు! అందరూ ఇలాటోళ్లే వొత్తే ఎంత బాగుణ్ణు" అంది.

మా ఆవిడ తల తిప్పుకుని నవ్వింది. ఆ బాబు నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె కొసరు గుప్పెడు నా సంచిలో పోసింది. నవ్వి, నోరు మూసుకున్నాను.