నీలం పొగ

ఇప్పటికీ మిరప చేలో ఎవరైనా మందు కొట్టే మిషను స్టార్ట్ చేస్తే, ఆ కాలిన ఆయిలు వాసనకి నా గుండె ఝల్లుమంటుంది.

పత్తిని పురుగు తినేసిన ఏడాది అది. మా వీధిలో ఒకాయన పురుగుమందు తాగి చనిపోయాడు. మా పత్తీ పోయింది. బాబాయి ఎవరితోనూ మాట్లాడకుండా, మద్రాసు రేసుల్లో తిరిగి మూలపడ్డ పెద్ద టూ స్ట్రోక్ మోటారుసైకిలు బండిని తెచ్చుకుని, కొట్టంలో విప్పుతూ బిగిస్తూ కూర్చునేవాడు. నాయనమ్మ ఆ బండిని తిట్టని రోజు లేదు. నాకు మాత్రం చాటుగా చెప్పింది: "మీ బాబాయి మందు డబ్బా ముట్టుకుంటే కేకెయ్యవే."

ఓ మధ్యాహ్నం బాబాయి పురుగుమందు కొలిచే మూత తీసుకుని కొట్టంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. సందులోంచి చూశాను. చిక్కటిదేదో ఆ మూతతో కొలిచి డబ్బాలో పోస్తున్నాడు. వీధంతా వినపడేలా అరిచాను.

నాయనమ్మ వచ్చి తలుపు మీద పడింది. "ఒరేయ్, తియ్యరా! నీకు దణ్ణం పెడతా, తియ్యరా!"

ఒక్కసారిగా కొట్టమంతా అదిరేలా మోత. తలుపు సందుల్లోంచి నీలం పొగ. ఆ పొగలోంచి బాబాయి బయటికొచ్చాడు.

"ఏందమ్మా? పెట్రోల్లో ఆయిలు కలిపా. కలపకపోతే ఈ ఇంజను పట్టేసుద్ది."

నాయనమ్మ గడప మీద కూలబడి అంది: "తిప్పుకోరా. నీ ఇష్టమొచ్చినంత తిప్పుకో."

ఆ తర్వాత పొలాలకెళ్ళే డొంకలో ఆ బండి చెవులు పగిలేలా మోగుతున్నంతసేపూ నాయనమ్మ హాయిగా నిద్రపోయేది. మోత ఆగిందంటే లేచి కూర్చునేది.