వెనకే ఉన్నా

సైకిళ్ల యాత్రలో అందరికంటే ఆఖరున వచ్చేది డ్రైవరు. మంచినీళ్ల క్యాన్లు, అరటిపళ్లు, గాలిపంపు వేసుకున్న ఆయన వ్యాను రోజంతా రెండో గేరు దాటదు. కుర్రకారు పొద్దున్నే కనుచూపు దాటిపోతారు. ఆయన ముందు మిగిలేది రిటైరైన టీచరమ్మ. వెనక ఇంజను చప్పుడు వినబడితేనే ఆవిడకి కాళ్లాడతాయి. అందుకని మోచెయ్యి కిటికీకి ఆనించుకుని, పొరపాటున కూడా హారను కొట్టకుండా వెంట వస్తాడు, చిన్నప్పుడు తనకి సైకిలు నేర్పుతూ నాన్న సీటు పట్టుకుని వెనకే పరిగెత్తినట్టు. నిన్నటిదాకా ఎత్తు కనబడితే చాలు దిగి వ్యానెక్కిన ఆవిడ, ఇవాళ పంటి బిగువున తొక్కుతోంది. తీరా సగం ఎక్కాక వ్యానే గురగురలాడి ఆగిపోయింది.

"ఏమయ్యా, వస్తున్నావా?" చప్పుడు వినబడక, తల తిప్పకుండానే కేకేసింది టీచరమ్మ.

రావట్లేదని చెబితే అక్కడే కాలు కింద పెట్టేస్తుంది. డ్రైవరు తల బయటపెట్టి, "వెనకే ఉన్నానమ్మా, తొక్కండి!" అని అరిచాడు. అరిచాక గానీ అది నాన్న మాటని గుర్తు రాలేదు. ఆవిడ దూరమవుతున్నకొద్దీ ఇంకా గట్టిగా అరిచాడు.

పైకి చేరాక ఆవిడ వెనక్కి చూసింది. వ్యాను ఎక్కడో కింద ఉంది.

"ఎంత అబద్ధమాడావయ్యా!"

ఒకప్పుడు వీధి చివర సైకిలాపి తనూ ఇదే మాట అన్నాడు. అప్పటి నాన్నలాగే, వ్యాను దిగి రోడ్డు మధ్యన నడుం మీద చేతులు పెట్టుకుని, డ్రైవరు పగలబడి నవ్వాడు.